ఫీజు సంగతి తర్వాత, ముందు సీటు చూసుకోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఈ శీర్షికకు ఉత్తరాలు ఆగడం లేదు. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాలవే. ఇంజనీరింగ్ పిల్లాడికి ఏ స్కాలర్‌షిప్ ఎక్కడుందో చెప్పడానికి వీధికొకరు ఉన్నారు. ఐటిఐలో చేరే పిల్లాడికి చెప్పేవాళ్లే కరువు. ప్రభుత్వ ఐటిఐలో చాలాకాలం ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి ఈ పిల్లల సంగతి నాకు ఇంటి సంగతే. అందుకే ఈ నెల చోటంతా వీళ్లకే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది వింజమూరు దగ్గర పల్లె. మా ఆయన తాపీపని చేస్తాడు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. పెద్దవాడు ఈ ఏడు పది పాసయ్యాడు, 402 మార్కులు వచ్చాయి. కరెంటు పని నేర్చుకుంటా, ఐటిఐలో ఎలక్ట్రీషియన్‌లో చేర్చమని పట్టుబట్టాడు. మా ఊరికి ఒకాయన వచ్చి, ఒక ప్రైవేటు ఐటిఐలో సీటు ఉంది, ఇప్పుడు ఇరవై వేలు కట్టండి, స్కాలర్‌షిప్ పడ్డాక తిరిగిస్తాం అంటున్నాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇమ్మంటున్నాడు. మా తోటికోడలేమో ఇంటర్‌లో చేర్చు, తల్లికి వందనం డబ్బులన్నా వస్తాయి అంటోంది. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. అసలు ఐటిఐ పిల్లలకు ప్రభుత్వం ఏమన్నా ఇస్తుందా?
– ఒక తల్లి, వింజమూరు మండలం

జవాబు: ఇస్తుందమ్మా. ఆ వివరం చెప్పేముందు రెండు మాటలు. ఆ ఇరవై వేలు కట్టొద్దు. ఒరిజినల్స్ ఆయన చేతికి ఇవ్వొద్దు.

మన రాష్ట్రంలో ఐటిఐ సీటుకు ఎంట్రన్స్ పరీక్ష లేదు. పదో తరగతి మార్కుల మీదే కౌన్సెలింగ్ జరుగుతుంది. ప్రభుత్వ ఐటిఐలు, ప్రైవేటు ఐటిఐలు రెండిటికీ ప్రభుత్వ పోర్టల్లోనే దరఖాస్తు పెట్టాలి. తర్వాత దగ్గర్లోని ప్రభుత్వ ఐటిఐకి వెళ్లి సర్టిఫికెట్లు వెరిఫై చేయించుకుంటే, మెరిట్ ప్రకారం పిలుస్తారు. మొదటి విడతలో రాకపోతే తర్వాతి విడతలు ఉంటాయి. ఇందులో మధ్యవర్తికి పనే లేదు. 402 అంటే మీవాడికి 67 శాతం వచ్చినట్టు. ధైర్యంగా ప్రభుత్వ ఐటిఐ అడగొచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది ఇలా కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటులో, అంటే కన్వీనర్ సీటులో చేరినవాళ్లకే. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లకు రాదు. మీ ఊరికి వచ్చినాయన తన దగ్గరున్న సీటు ఏ కోటాదో చెప్పాడా? చెప్పి ఉండడు. ‘స్కాలర్‌షిప్ పడ్డాక తిరిగిస్తాం’ అన్న మాటకు కాగితం ఉండదు, రసీదు ఉండదు. అలా కట్టి, చివరికి సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి కూడా అప్పుచేసిన తల్లిదండ్రులను నేను చూశాను. అందుకే నా దగ్గరికి స్కాలర్‌షిప్ అడుగుతూ వచ్చే ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతాను. డబ్బు వెతకడానికి ముందు సీటు వెతకండి. ఏ సీటులో చేరారన్నదాన్ని బట్టే డబ్బు వస్తుందా రాదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ప్రైవేటు ఐటిఐలన్నీ చెడ్డవని నేననను. మన రెండు జిల్లాల్లోనూ బాగా నేర్పేవి ఉన్నాయి. కానీ చేరేముందు ఎన్‌సీవీటీ, అంటే జాతీయ వృత్తి శిక్షణ మండలి గుర్తింపు చూడండి. అదీ ఐటిఐకి ఉంటే చాలదు, మీవాడు చేరే ట్రేడుకు ఉండాలి. బోర్డు మీద ఐదు ట్రేడులు రాసి, గుర్తింపు రెండిటికే ఉంటే మిగతా మూడిట్లో చదివిన పిల్లాడి గతేంటి? రెండేళ్లు చదివాక చేతికొచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ లేకపోతే రైల్వేలో గానీ, కరెంటు ఆఫీసులో గానీ దరఖాస్తు కూడా పెట్టుకోలేడు. వీలైతే మీరే ఒకరోజు వెళ్లి వర్క్‌షాపు చూపించమని అడగండి. మోటార్లు, బెంచీలు పిల్లల చేతులు పడి నలిగి ఉన్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా అన్నది మీకే తెలిసిపోతుంది.

ఇక డబ్బు సంగతి. పది పాసై ఐటిఐలో చేరిన పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తిస్తుంది. మొన్నటిదాకా విద్యా దీవెన, వసతి దీవెన అన్నది దీన్నే. ఇందులో రెండు భాగాలు. ఒకటి ట్యూషన్ ఫీజు. దీన్ని 2024 తర్వాత నేరుగా కాలేజీ ఖాతాకే వేసే పద్ధతి పెట్టారు. రెండోది తిండికీ, ఉండటానికీ ఇచ్చే మెయింటెనెన్స్. 2020లో పెట్టిన లెక్క ప్రకారం అది ఐటిఐకి ఏడాదికి 10,000 రూపాయలు, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. పొలం ఉంటే మాగాణి పదెకరాల లోపు, మెట్ట పాతికెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్లు, ప్రభుత్వోద్యోగులు ఉండకూడదు. ఆటో, టాక్సీ, ట్రాక్టరు ఫర్వాలేదు గానీ సొంత కారు ఉంటే కుదరదు. పిల్లవాడికి 75 శాతం హాజరు ఉండాలి.

దీనికి మీరు వేరే ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు పెట్టనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల పోర్టల్ జ్ఞానభూమిలో కాలేజీవాళ్లే పేరు ఎక్కించాలి. ఆ తర్వాత సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ వెరిఫికేషన్ చేస్తారు. చేరిన నెలలోనే ప్రిన్సిపాల్ ఆఫీసుకు వెళ్లి, మావాడి పేరు జ్ఞానభూమిలో ఎక్కిందా అని అడగండి. పిల్లలు సిగ్గుపడి అడగరు. మీరే అడగండి.

అన్నిటికంటే ఎక్కువమందికి డబ్బు ఆగిపోయేది బ్యాంకు దగ్గర. ఇది కాస్త వివరంగా చెబుతాను, వినండి. మీకు డ్వాక్రా కోసం ఒక బ్యాంకులో ఖాతా ఉంటుంది, ఉపాధి హామీ కోసం ఇంకోటి, గ్యాస్ సబ్సిడీకని ఎవరో తెరిపించింది మరోటి. ప్రభుత్వం డబ్బు వేసేది ఖాతా నంబరు చూసి కాదు, ఆధార్ నంబరు చూసి. మీ ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుకు లింకయిందో ఆ ఖాతాలోకే వెళ్లి పడుతుంది. దాన్నే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అంటారు. మీరేమో డ్వాక్రా పాస్‌బుక్ పట్టుకుని పడలేదు పడలేదు అనుకుంటూ ఉంటారు. డబ్బు వేరే బ్యాంకులో ఉంటుంది, లేదా ఆ ఖాతా మూతపడి వెనక్కి పోయి ఉంటుంది. కాబట్టి సచివాలయంలోనో, బ్యాంకులోనో మీ ఆధార్ ఏ ఖాతాకు మ్యాపయిందో ముందే కనుక్కోండి. పిల్లవాడి పేరు మీద కూడా ఒక ఖాతా తెరిచి మ్యాపింగ్ చేయించండి. రెండో చిక్కు పేర్లది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంతో, ఆధార్‌లో పూర్తిగా, కుల సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే కంప్యూటర్ దృష్టిలో ముగ్గురు మనుషులు. టెన్త్ మెమోలో ఉన్నట్టే ఆధార్ దిద్దించండి. మెమో దిద్దించడం కంటే ఆధార్ దిద్దించడం తేలిక.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా డబ్బు అనుకున్న నెలకు పడుతుందని లెక్క వేసుకోవద్దు. రీయింబర్స్‌మెంట్ బకాయిల వార్తలు మీరూ పేపర్లో చూస్తూనే ఉంటారు. అందుకే ప్రభుత్వ ఐటిఐ అని అంతగా పట్టుబడుతున్నాను. అక్కడ ఫీజు నామమాత్రం. స్కాలర్‌షిప్ ఆలస్యమైనా చదువు ఆగదు. ప్రైవేటులో ఫీజు పడేదాకా పరీక్షకు కూర్చోనివ్వం అంటే పిల్లవాడు ఇరుక్కుపోతాడు.

ప్రభుత్వ ఐటిఐలో అసలు ఖర్చు ఫీజు కాదు, మిగతావి. వింజమూరు నుంచి నెల్లూరుకు రోజూ వెళ్లొచ్చేంత దగ్గర కాదు. మీ సామాజిక వర్గానికి సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్ ఉంటే సీటు వచ్చిన రోజునే దానికీ దరఖాస్తు పెట్టండి. రోజూ తిరగగలిగే దూరంలో సీటు దొరికితే ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసుకోండి. ఇక యూనిఫాం, బూట్లు, పనిముట్లు. వీటిలో పనిముట్ల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎలక్ట్రీషియన్ పిల్లాడికి మొదటి వారాల్లో నేర్పేది వైరు మీది తొడుగు తీయడం. లోపలున్న రాగి పోగుల్లో ఒక్కటి కూడా తెగకూడదు, గీత కూడా పడకూడదు. తర్వాత ఆ పోగులు విప్పి, శుభ్రం చేసి, ఒకదాన్నొకటి పెనవేసి జాయింటు కట్టాలి. పాత బ్లేడుతో, మొండి ప్లయరుతో చేసే పిల్లాడికి పోగులు తెగుతాయి, జాయింటు వదులవుతుంది. ఆ వదులు జాయింటే రేపు ఎవరింట్లోనో వేడెక్కి కాలిపోయేది. మంచి ప్లయరు, మంచి స్ట్రిప్పరు, టెస్టరు ఉన్న పిల్లాడి చెయ్యి తొందరగా కుదురుతుంది. స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రాగానే మొదట అవి కొనివ్వండి. ఫోన్ తర్వాత.

ఇంకొక దారి కూడా మీకు పనికొస్తుంది. ఎల్ఐసీ గోల్డెన్ జూబ్లీ స్కాలర్‌షిప్ ఐటిఐ పిల్లలకూ ఇస్తారు. 60 శాతం మార్కులు ఉండాలి, మీవాడికి ఉన్నాయి. ఇంట్లో పాలసీ ఉండాలన్న నియమం లేదు. ఎంపిక డివిజన్ల వారీగా జరుగుతుంది, నెల్లూరులోనే డివిజనల్ ఆఫీసు ఉంది. దరఖాస్తు మాత్రం ఆన్‌లైన్‌లోనే. నోటిఫికేషన్ వచ్చినప్పుడు వదలకండి. మన వైపు పిల్లలు దీని పేరు కూడా వినరు, అదే నా బాధ.

మీ తోటికోడలు చెప్పింది అబద్ధం కాదు. తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకే. ఏడాదికి 15,000, అందులో 2,000 బడి నిర్వహణకు పోగా చేతికి 13,000. ఆ డబ్బు కోసం ఇష్టం లేని ఇంటర్‌లో కూర్చోబెడితే, రెండేళ్ల తర్వాత ఫెయిలై మళ్లీ ఐటిఐకే వస్తాడు. అలా రెండేళ్లు పోగొట్టుకుని వచ్చిన పిల్లలు నా క్లాసులో ప్రతి ఏడూ ఉండేవాళ్లు. కరెంటు పని మీద మనసున్న పిల్లాణ్ణి ఇప్పుడే పంపండి.

పాసయ్యాక అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. నా దృష్టిలో అది స్కాలర్‌షిప్‌లో రెండో సగం. నేర్చుకుంటూనే నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఐటిఐ పాసైనవాళ్లకు కనీసం 7,000 ఇవ్వాలని 2019లో నిబంధనలు మార్చారు. నెల్లూరు దగ్గర కాకుటూరులో ఉన్న ఆర్టీసీ శిక్షణ కాలేజీ నుంచి ఐటిఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటూ ఉంటారు. ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, ఫిట్టర్లు, డీజిల్ మెకానిక్‌లు అందరికీ అవకాశం ఉంటుంది. మీవాడు రెండో సంవత్సరంలో ఉండగానే అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు నమోదు చేసుకోమనండి.

ప్రశ్న: మేం ఓసీలం. రెండెకరాల మెట్ట తప్ప ఏమీ లేదు. స్కాలర్‌షిప్‌లన్నీ బీసీ, ఎస్సీలకే అంటున్నారు. మా అబ్బాయికి ఏమీ రాదా?
– ఒక రైతు, కొండపి

జవాబు: వస్తుందయ్యా. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఈబీసీలు, అంటే ఓసీల్లో పేదలు కూడా ఉన్నారు. అదే రెండున్నర లక్షల ఆదాయ పరిమితి. మీరు సచివాలయంలో అడగాల్సింది ఆదాయ సర్టిఫికెట్. చాలామంది ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్లి ఇది చాలదా అంటారు. ఈడబ్ల్యూఎస్‌కు ఎనిమిది లక్షల పరిమితి, అది సీట్ల రిజర్వేషన్ కోసం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అది సరిపోదు. రెండూ తీయించి పెట్టుకోండి, రెండూ పనికొస్తాయి.

ప్రశ్న: మాది చీమకుర్తి. నాన్న గ్రానైట్ క్వారీలో పని చేస్తారు. పాలిసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, ఒంగోలు వైపు పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేరబోతున్నాను. ఆడపిల్లలకు ఏడాదికి 50,000 ఇచ్చే స్కాలర్‌షిప్ ఉందని మా టీచర్ చెప్పారు. నిజమేనా? రీయింబర్స్‌మెంట్‌తో పాటు అదీ తీసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, చీమకుర్తి

జవాబు: నిజమే తల్లీ. మీ టీచర్‌కు నా తరఫున నమస్కారం చెప్పు. దాని పేరు ప్రగతి. సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ ఇస్తుంది. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా గానీ, ఇంజనీరింగ్ డిగ్రీ గానీ చేరే ఆడపిల్లలకు ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా తీసుకోవచ్చు. డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరినప్పుడే దరఖాస్తు పెట్టాలి, ప్రతి ఏడూ రెన్యూవల్ చేసుకోవాలి. ఐటిఐ పిల్లలకు ఇది లేదు. ఈ మాట పదేపదే అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. ప్రగతి తీసుకునే అమ్మాయి మరో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదన్న నియమం ఉంది. కాబట్టి లెక్క వేసుకో. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్యూషన్ ఫీజు ఏడాదికి 4,700. రీయింబర్స్‌మెంట్ ఆ 4,700, మెయింటెనెన్స్ 15,000 కలిపితే ఇరవై వేలు కూడా దాటదు. ప్రగతి వస్తే 50,000. ప్రభుత్వ కాలేజీలో చేరితే ప్రగతే మేలు. అయితే ప్రగతి దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరికీ రాదు, మెరిట్ చూస్తారు. అందుకని చేరిన రోజే కాలేజీ స్కాలర్‌షిప్ నోడల్ అధికారిని కలిసి, ప్రగతికి పెడుతున్నాను, రాకపోతే జ్ఞానభూమిలో నా పేరు ఉండాలి అని చెప్పు. వచ్చినట్టు తేలితే రెండోది వద్దని రాసిచ్చేయి.

దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో. ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఫోన్లో ముఖం చూపించి ఆధార్ ధ్రువీకరణ చేస్తారు, దానికి మంచి వెలుతురున్న చోట కూర్చో. దరఖాస్తు సబ్మిట్ చేయడంతో పని అయిపోదు. కాలేజీ నోడల్ అధికారి వెరిఫై చేస్తేనే ముందుకు కదులుతుంది. గడువు ముగిసేలోపు స్టేటస్‌లో వెరిఫై అయినట్టు కనపడేదాకా వారానికోసారి చూసుకుంటూ ఉండు. ఆడపిల్లలు అర్హత లేక కాదు, ఈ ఒక్క అడుగు దగ్గర ఆగిపోయి నష్టపోతున్నారు.

బస్సు ఖర్చు గురించి దిగులు అక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. చీమకుర్తి నుంచి రోజూ వెళ్లి రావచ్చు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకో. మీ ఇంటి దగ్గర క్వారీలూ పాలిషింగ్ యూనిట్లూ నిండా ఉన్నాయి కదా, ఆ యంత్రాలు నడిపేదీ బాగుచేసేదీ డిప్లొమా చదివినవాళ్లే. మెకానికల్ ఆడపిల్లలకెందుకు అని ఎవరైనా అంటే వినొద్దు. నీకు నచ్చిన బ్రాంచి తీసుకో.

ప్రశ్న: మనవడి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. నేనే పెంచుతున్నాను. వాడికి పదిహేనేళ్లు. ఫిట్టర్‌లో చేరతానంటున్నాడు. నాకు పింఛను తప్ప ఆధారం లేదు.
– ఒక తాత, ఆత్మకూరు

జవాబు: పెద్దాయనా, ముందు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లండి. కలెక్టరేట్‌లో అడిగితే చూపిస్తారు. మిషన్ వాత్సల్య కింద తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా నెలకు 4,000 ఇస్తారు. పల్లెటూళ్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, మీ ఆధార్, పిల్లవాడి స్టడీ సర్టిఫికెట్ తీసుకెళ్లండి. దీనికీ ఐటిఐ స్కాలర్‌షిప్‌కూ సంబంధం లేదు, అది జ్ఞానభూమిలో వేరేగా వస్తుంది. మనవడు ఎప్పుడైనా డిప్లొమాకు వెళితే, తల్లిదండ్రులు లేని పిల్లలకు ఏఐసీటీఈ వాళ్ల స్వనాథ్ అని ఏడాదికి 50,000 ఇచ్చేది ఉంది. ఐటిఐ మంచి మార్కులతో పాసైతే బ్రిడ్జి కోర్సు చేసి, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, డిప్లొమా రెండో సంవత్సరంలోకి నేరుగా చేరొచ్చు. వాడికి ఈ మాట ఇప్పుడే చెప్పి పెట్టండి. ఫిట్టర్‌తో చదువు ఆగిపోదని తెలిస్తే హుషారుగా చదువుతాడు.

ప్రశ్న: కావలిలో ఒక వెల్డింగ్ షాపులో మూడేళ్లుగా పని చేస్తున్నా సార్. గేట్లు, గ్రిల్స్, షెడ్లు వేస్తాం. టెన్త్‌లో లెక్కలు, సైన్సు పోయాయి, మళ్లీ రాయలేదు. చెన్నైలో పైప్ వెల్డింగ్ కోర్సు మూడు నెలలు, 80,000 ఫీజు, అవగానే గల్ఫ్ ఉద్యోగం అని వాట్సాప్‌లో వచ్చింది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? నాకు స్కాలర్‌షిప్ ఏదైనా వస్తుందా?
– ఒక యువకుడు, కావలి

జవాబు: నాయనా, ఆ అప్పు చేయొద్దు. 80,000కు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,400, ఏడాదికి 28,800. అసలు అలాగే ఉంటుంది. ఉద్యోగం రావడం ఆరు నెలలు ఆలస్యమైనా నీ షాపు కూలి అంతా వడ్డీకే పోతుంది. ‘అవగానే గల్ఫ్’ అన్నవాణ్ణి ఒక్కటే అడుగు. గల్ఫ్‌కు పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, ఆ పేరు ఈమైగ్రేట్ పోర్టల్లో కనపడాలి. లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆ లైసెన్సు నంబరు చెప్పమంటే సగంమంది ఫోన్ పెట్టేస్తారు.

పైప్ వెల్డింగ్ మంచి పనే. దాన్ని తక్కువ చేయడం లేదు. గేటు వెల్డింగ్‌లో రాడ్డు కిందికి చూస్తూ సాఫీగా పోతుంది. పైపుకు చుట్టూ తిరుగుతూ వేయాలి, కిందనుంచి పైకి, తల మీదగా. కరిగిన లోహం జారిపోకుండా ప్రతి అంగుళానికీ చేతి కోణం మార్చాలి. అది మూడు నెలల్లో రావాలంటే ముందు ప్లేటు మీద చెయ్యి గట్టిపడి ఉండాలి. నీకు మూడేళ్ల అనుభవం ఉంది కాబట్టి పునాది ఉంది. లేనిది కాగితం.

ఆ కాగితం నీకు దాదాపు ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఐటిఐలో వెల్డర్ ట్రేడ్ ఒక్క ఏడాదే. దానికి ఎనిమిదో తరగతి పాసైతే చాలు. కాబట్టి టెన్త్ పోయినా ప్రభుత్వ ఐటిఐలో వెల్డర్‌కు నువ్వు అర్హుడివే. అయితే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ టెన్త్ పాసైనవాళ్లకు. నీకు రావాలంటే ఆ రెండు సబ్జెక్టులూ దాటాలి. సప్లిమెంటరీ రాయి, లేదంటే ఓపెన్ స్కూల్లో కట్టు. లెక్కలంటే భయపడకు. షెడ్డుకు ట్రస్సు కొలిచి ముక్కలు కోసేవాడివి, ఏ కోణానికి ఎంత పొడవు కోయాలో నీకు తెలుసు. ఆ లెక్కే పుస్తకంలోనూ ఉంది.

ఏడాది పాటు కూలి మానుకోలేను అంటే ఇంకో దారి. పని చేస్తూ నేర్చుకున్నవాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి ప్రభుత్వ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర కౌశల్ వికాస్ యోజనలో ఉంది. దానికి ఫీజు లేదు. సొంత షాపు పెట్టుకోవాలన్న ఆలోచన ఉంటే, ప్రతి జిల్లాలో లీడ్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది. అక్కడ శిక్షణ, తిండి, బస అన్నీ ఉచితం. శిక్షణయ్యాక బ్యాంకు లోన్‌కు వాళ్లే దారి చూపిస్తారు.

నిజంగా ఖరీదైన, గుర్తింపున్న నైపుణ్య కోర్సే చేయాల్సి వస్తే వడ్డీ వ్యాపారి దగ్గరికి కాదు, బ్యాంకుకు వెళ్లు. కేంద్రం నడిపే మోడల్ స్కిల్ లోన్ పథకం పరిమితిని 2024 జూలైలో లక్షన్నర నుంచి ఏడున్నర లక్షలకు పెంచారు. దానికి ప్రభుత్వ గ్యారంటీ ఉంటుంది, తాకట్టు అడగకూడదు. కోర్సుకు గుర్తింపు లేదని బ్యాంకు లోన్ ఇవ్వనంటే, అక్కడ చేరొద్దని నీకు ముందే తెలిసిపోయినట్టే. ఆ చెన్నై వాళ్ల కోర్సు పేరు, సంస్థ పేరు, గుర్తింపు నంబరు రాయించుకుని కావలిలో నీకు ఖాతా ఉన్న బ్యాంకు మేనేజర్‌కు చూపించు. ఈలోపు టెన్త్ సప్లిమెంటరీ ఫీజు గడువు దాటిందో లేదో నువ్వు చదివిన హైస్కూల్లో అడుగు. దాటకపోతే రెండు సబ్జెక్టులకూ వెంటనే కట్టేయి.